ఊపిరికి లెక్క కట్టిన మనిషి: జాన్ స్కాట్ హాల్డేన్

పుంగనూరు దగ్గర మా మేనమామ వాళ్ల ఊళ్లో ఒక పాత దిగుడుబావి ఉంది. నాకు పదేళ్లప్పుడు, ఎండాకాలంలో ఆ బావి పూడిక తీశారు. అడుగున ఊరే నీళ్లు తోడడానికి డీజిల్ ఇంజనుకు మోకులు కట్టి, బావిలోపలి గట్టు మీదికి దించారు. పొద్దుననగా మొదలుపెట్టిన పని. మధ్యాహ్నం అన్నాలకని ఇంజను ఆపి అందరూ పైకొచ్చారు. మళ్లీ దిగే ముందు మా తాత తన పాత పద్ధతి ప్రకారం లాంతరు వెలిగించి, తాడుకు కట్టి అడుగుదాకా దించి చూశాడు. దీపం ఆరలేదు. గాలి బాగుందని చెప్పి మామను దిగమన్నాడు. పావుగంట తిరగక ముందే మామ కాళ్లు మడతపడి బురదలో కూలబడ్డాడు. నడుముకు మోకు ఉండబట్టి పైవాళ్లు లాగేశారు. మదనపల్లెలో ఒక ఆస్పత్రికి తీసుకుపోతే ముక్కూ నోరూ మూసేలా మాస్కు పెట్టి ఆక్సిజన్ ఇచ్చారు. రాత్రికి మామ లేచి కూర్చున్నాడు.

మామ బతికాడు కానీ మా తాత మాత్రం కోలుకోలేదనే చెప్పాలి. దీపం ఆరలేదే, మరి మనిషెట్లా పడిపోయాడు అని చనిపోయేదాకా అడుగుతూనే ఉన్నాడు. ఊళ్లో కొందరు గాలి సోకిందన్నారు, కొందరు గంగమ్మకు మొక్కు బాకీ ఉందన్నారు. ఆ ప్రశ్నకు జవాబు నాకు డిగ్రీ తరగతిలో దొరికింది. శ్వాసక్రియ పాఠంలో హాల్డేన్ ప్రభావం అని ఒక చిన్న పేరా ఉంటుంది. పరీక్షకు రెండు మార్కుల ప్రశ్న. ఎవరీ హాల్డేన్ అని గ్రంథాలయంలో వెదుకుతూ పోతే, మా తాత అడిగిన ప్రశ్ననే నూట ముప్పై ఏళ్ల కిందట అడిగి, తన ఒంటి మీదనే ప్రయోగం చేసి జవాబు చెప్పిన మనిషి కనిపించాడు. ఆయన జీవితాన్ని తోటి విద్యార్థులకు పరిచయం చేయాలన్నదే నా ఈ చిన్న ప్రయత్నం.

జాన్ స్కాట్ హాల్డేన్ 1860 మే నెలలో స్కాట్లాండులోని ఎడింబరో నగరంలో జన్మించాడు. కలిగిన కుటుంబం. అన్న రిచర్డ్ హాల్డేన్ తర్వాతి రోజుల్లో బ్రిటన్ యుద్ధమంత్రిగానూ, లార్డ్ ఛాన్సలర్‌గానూ పనిచేశాడు. జాన్ మాత్రం వైద్యం చదివి 1884లో ఎడింబరోలో పట్టా పుచ్చుకున్నాడు. పట్టా చేతికి రాగానే బోర్డు కట్టుకుని డబ్బు సంపాదించే దారి ఆయనకు నచ్చలేదు. డండీ నగరంలోని కళాశాలలో చేరి, మురికివాడల గాలిని పరీక్షించే పనికి పూనుకున్నాడు. రాత్రిపూట బీదవాళ్ల ఇళ్లకు పోయి, ఒకే గదిలో ఏడెనిమిది మంది పడుకున్నచోట సీసాల్లో గాలి పట్టుకొచ్చేవాడు. బడుల్లో గాలి, మురుగు కాలువల్లో గాలి, దేన్నీ వదల్లేదు. మురుగు వాసనే రోగాలకు మూలమని నమ్మే కాలమది. లెక్క తీసి చూస్తే కాలువలోని గాలికన్నా కిక్కిరిసిన కొన్ని తరగతి గదుల గాలే అధ్వాన్నంగా తేలింది!

ఆ తర్వాత ఆయన ఆక్స్‌ఫర్డుకు చేరాడు. 1891లో కేథలీన్ ట్రాటర్‌ను వివాహమాడాడు. 1892లో కొడుకు జె.బి.ఎస్. హాల్డేన్, 1897లో కూతురు నవోమీ పుట్టారు. కొడుకు జగత్ప్రసిద్ధుడైన జన్యుశాస్త్రవేత్త అయ్యాడు, కూతురు పేరున్న నవలా రచయిత్రి అయింది. ఆ ఇంట్లోనే ప్రయోగశాల ఉండేది. గాలి చొరబడని పెట్టె ఒకటి కట్టించి అందులో తానే కూర్చుని, ఆక్సిజన్ తగ్గితే ఏమవుతుంది, బొగ్గుపులుసు గాలి పెరిగితే ఏమవుతుంది అని తన మీదనే పరీక్షించుకునేవాడు. కుందేలు తనకేమయిందో నోరు తెరిచి చెప్పలేదు, మనిషి చెప్పగలడు. అందుకే మెలకువగా ఉన్న మనిషే ఆయనకు అన్నిటికన్నా నమ్మకమైన పరికరం అయింది. ఆయన జీవితమంతా ఈ ఒక్క నమ్మకం మీద నడిచింది.

ఇక గనుల సంగతి. బొగ్గుగనుల్లో పేలుడు జరిగితే చచ్చినవాళ్లంతా మంటలకో, దెబ్బలకో చచ్చారని అనుకునేవారు. 1896 జనవరిలో వేల్సులోని టైలర్స్‌టౌన్ గనిలో పేలుడు జరిగి 57 మంది మరణించారు. ప్రభుత్వం తరఫున హాల్డేన్ అక్కడికి వెళ్లి శవాలను ఒక్కొక్కటిగా పరిశీలించాడు. చాలామంది ఒంటిమీద ప్రాణం తీసేంత గాయం లేదు. చర్మం మాత్రం బతికున్నవాళ్లకన్నా ఎర్రగా ఉంది. వాళ్ల ప్రాణం తీసింది పేలుడు కాదు, పేలుడు తర్వాత మిగిలిన కార్బన్ మోనాక్సైడు వాయువు.

ఈ వాయువు గుణం ఆయనకు అప్పటికే స్వయంగా తెలుసు. అంతకు ముందు సంవత్సరమే దాన్ని కొలిచి గాలిలో కలుపుకుని గంటకు పైగా పీలుస్తూ, మధ్యమధ్య తన రక్తం తీసి పరీక్షించుకున్నాడు. రక్తంలోని హిమోగ్లోబిన్‌లో సగానికి పైగా ఆ విషం పట్టేదాకా ఆపలేదు. చూపు మసకబారడం, కాళ్లు తడబడడం, బుద్ధి మందగించడం అన్నీ రాసుకున్నాడు. ఆక్సిజన్‌కన్నా రెండు వందల రెట్లకు పైగా గట్టిగా ఈ వాయువు హిమోగ్లోబిన్‌ను పట్టుకుంటుంది. రంగు లేదు, వాసన లేదు. కూర్చున్నవాడికి ఏమీ తెలియదు. లేచి నడవబోతే కాళ్లు పనిచేయవు. అందుకే పారిపోవాలన్న ఆలోచన వచ్చేసరికే ఆలస్యమై ఉంటుంది.

మా తాత ప్రశ్నకు జవాబు ఇక్కడ ఉంది. పాడుబావిలో బొగ్గుపులుసు గాలి నిండి ఆక్సిజన్ తగ్గితే దీపం ఆరిపోతుంది. గాలిలో మామూలుగా ఉండే 21 శాతం ఆక్సిజన్ 16, 17 శాతానికి దిగితే చాలు, దీపం నిలవదు. మనిషి మాత్రం ఆ గాలిలో ఇంకా కొంత తట్టుకోగలడు. కనుక ఆ ప్రమాదానికి దీపం మంచి కావలిదే, మన పెద్దవాళ్లు తెలివితక్కువవాళ్లు కారు. కానీ ఇంజను పొగలోని కార్బన్ మోనాక్సైడు ఆక్సిజన్‌ను గాలిలోంచి తీసేయదు, మన రక్తంలో దాని చోటును ఆక్రమిస్తుంది. ఆ గాలిలో దీపం నిక్షేపంగా వెలుగుతుంది, మనిషి కూలిపోతాడు. కపిల తోలిన కాలంలో ఈ విషం బావిలోకి వచ్చే దారి లేదు. ఇంజను వచ్చింది, పరీక్ష మాత్రం పాతదే మిగిలింది. తప్పు మా తాతది కాదు.

దీపం చెప్పలేనిది చెప్పడానికి హాల్డేన్ ఒక ఉపాయం చూపించాడు. చిన్న ప్రాణులు ఒంటి బరువుకు మించి వేగంగా గాలి పీలుస్తాయి కనుక విషం వాటికి మనకన్నా చాలా ముందే తగులుతుంది. ఎలుకనో పిట్టనో వెంట తీసుకుపొమ్మని గనివాళ్లకు సలహా ఇచ్చాడు. అట్లా పసుపుపచ్చ కెనరీ పిట్టలు గనుల్లోకి వచ్చాయి. పిట్ట తూలిందంటే వెనక్కి తిరగాలి. కొన్ని పంజరాలకు చిన్న ఆక్సిజన్ సీసా కూడా బిగించేవారు, తూలిన పిట్టను మళ్లీ బతికించుకోవడానికి. బ్రిటన్ గనుల్లో ఈ పిట్టల కొలువు 1986 దాకా సాగింది.

ఈ మాటలు కుప్పం వైపు విద్యార్థులకు కొత్తగా ఉండవు. కుప్పం దాటి రాష్ట్ర సరిహద్దు దాటితే కోలారు బంగారు గనులు. చిత్తూరు సీమనుంచి, ఉత్తర ఆర్కాటునుంచి తరతరాలుగా మనవాళ్లు అక్కడ కూలికి దిగారు. ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు మించిన లోతు. 2001లో ఆ గనులు మూతపడ్డాయి. అంత లోతున రాయే వేడిగా ఉంటుంది, గాలిని పైనుంచి కిందికి తోలితే తప్ప మనిషి నిలవలేడు. లోతు గనుల్లో వేడి, తేమ ఎంత దాటితే మనిషి పని చేయలేడో తడిగుడ్డ చుట్టిన థర్మామీటరుతో కొలిచి చెప్పినవారిలో హాల్డేన్ ముఖ్యుడు. రాతిదుమ్ము ఊపిరితిత్తులను ఎట్లా పాడుచేస్తుందో కూడా ఆయన పరిశీలించాడు. లోతు గనుల్లో గాలి ఏర్పాటుకు ఆయన లెక్కలు ఎంతో అక్కరకొచ్చాయి.

కొడుకును కూడా ఆయన వెంటబెట్టుకుని గనుల్లోకి దిగేవాడు. ఒకసారి స్టాఫర్డ్‌షైర్ ప్రాంతంలోని ఒక గనిలో, పైకప్పు దగ్గర మీథేన్ పేరుకున్న చోట, పిల్లవాణ్ణి లేచి నిలబడి షేక్స్‌పియర్ నాటకంలోని ఆంటోనీ ఉపన్యాసం అప్పజెప్పమన్నాడు. పిల్లవాడు మొదలుపెట్టాడు. కొన్ని పంక్తులు చెప్పేసరికి రొప్పు వచ్చింది, మాట తడబడింది, కాళ్లు మడతపడి కింద పడ్డాడు. నేలమీద గాలి మంచిదే కనుక వెంటనే తేరుకున్నాడు. మీథేన్ గాలికన్నా తేలిక అనీ, దానికదే విషం కాదు, ఆక్సిజన్‌కు చోటు లేకుండా చేయడమే దాని దోషమనీ ఆ పిల్లవాడికి ఇక జన్మలో మరవని పాఠం అయింది. ఏ తండ్రి అయినా చేసే పనేనా అని మనకు అనిపిస్తుంది. నాకూ అనిపించింది. కానీ తాను పీల్చని గాలిని ఆయన ఎవరిచేతా పీల్పించలేదు. మెదడుకు ఆక్సిజన్ అందుతోందా లేదా అన్నది అన్నిటికన్నా ముందు మాటలోనే తెలుస్తుంది అన్న సంగతి ఈ కథలో ఉంది. దీని అవసరం ముందు వస్తుంది.

1905లో హాల్డేన్, జె.జి. ప్రీస్ట్లీ కలిసి ఒక గొప్ప విషయం బయటపెట్టారు. మామూలుగా మన ఊపిరి వేగాన్ని నడిపేది ఆక్సిజన్ కొరత కాదు, బొగ్గుపులుసు గాలి పెరుగుదల. ఊపిరితిత్తుల్లో అది 0.2, 0.3 శాతం పెరిగినా లోపలికి పోయే గాలి దాదాపు రెట్టింపు అవుతుంది. దీన్నిబట్టే ఆక్సిజన్ మెల్లగా తగ్గిపోతున్నా మనిషికి ఎందుకు తెలియదో అర్థమవుతుంది. తర్వాత సముద్రంలో మునిగేవాళ్ల వంతు. లోతునుంచి ఒక్కసారిగా పైకొస్తే రక్తంలో నత్రజని బుడగలు కట్టి మనిషి మెలికలు తిరిగిపోతాడు. మేకల మీద పరీక్షలు జరిపి, ఏ లోతులో ఎంతసేపు ఆగి పైకి రావాలో 1908లో పట్టికలు ప్రకటించాడు. 1911లో అమెరికాలోని పైక్స్ పీక్ పర్వతం మీద, సుమారు 4,300 మీటర్ల ఎత్తున, సహచరులతో వారాల తరబడి ఉండి పలుచని గాలిలో శరీరం ఎట్లా సర్దుకుంటుందో పరిశీలించాడు. మన పాఠంలోని హాల్డేన్ ప్రభావం 1914 నాటిది. ఆక్సిజన్ వదిలిన రక్తం బొగ్గుపులుసు గాలిని ఎక్కువగా మోయగలదన్నదే దాని సారాంశం. ఇంత చేసినా ఆక్స్‌ఫర్డులో ఆచార్య పీఠం ఆయనకు దక్కలేదు. 1913లో అది షెరింగ్టన్‌కు వెళ్లింది.

1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర వద్ద జర్మను సైన్యం క్లోరిన్ వాయువును వదిలింది. ఊపిరాడక సైనికులు కందకాల్లోనే కుప్పకూలారు. ప్రభుత్వం హాల్డేన్‌ను హుటాహుటిన ఫ్రాన్సుకు పంపింది. అది క్లోరినేనని ఆయన నిర్ధారించాడు. కొడుకుతోనూ, మరికొందరితోనూ కలిసి గదిలో క్లోరిన్ నింపుకుని, ముసుగులు పనిచేస్తాయో లేదో మళ్లీ తమ మీదనే పరీక్షించుకున్నాడు. చిత్రమేమంటే అదే 1915లో మన మదనపల్లె పక్కన ఆరోగ్యవరం క్షయ ఆస్పత్రి ఆరంభమైంది. క్షయకు మందులేని ఆ రోజుల్లో డేనిష్ వైద్యుడు ఫ్రిమోట్ మొల్లర్ ఆధ్వర్యంలో మంచిగాలి, విశ్రాంతి, తిండి ఇవే అక్కడ చికిత్స. ఒకచోట గాలిని విషం చేస్తున్నారు, ఇంకోచోట గాలినే మందుగా ఇస్తున్నారు!

గాలిని నిజంగా మందుగా మార్చినవాడు హాల్డేనే. అప్పటికి ఆక్సిజన్ సీసాలు ఆస్పత్రుల్లో లేకపోలేదు. కానీ రబ్బరు గొట్టానికి గరాటు తగిలించి రోగి ముఖం ముందు పట్టుకునేవారు. వచ్చేదంతా గదిలో కలిసిపోయేది. రోగికి ఎంత అందుతోందో ఇచ్చేవాడికీ తెలియదు. హాల్డేన్ ముఖానికి అంటుకునే మాస్కు, ఒత్తిడి తగ్గించే వాల్వు, నిమిషానికి ఎన్ని లీటర్లు పోతోందో చూపే కొలత అమర్చిన పరికరం తయారుచేశాడు. 1917లో దీనిమీద వ్యాసం ప్రకటించాడు. విషవాయువు తగిలిన సైనికులకు రోజుల తరబడి ఆగకుండా ఆక్సిజన్ ఇచ్చి ఎందరినో నిలబెట్టారు. ఆక్సిజన్ కూడా మందే, దానికీ మోతాదు ఉంది, తక్కువైతే లాభం లేదు, ఎక్కువైతే చేటు అన్నది ఆయన నేర్పిన పాఠం. 2021 ఎండాకాలంలో సిలిండరు కోసం పరుగెత్తిన మన ఊళ్లవాళ్లందరికీ నిమిషానికి ఎన్ని లీటర్లు అన్న మాట వచ్చేసింది. ఆ మాట వెనక ఉన్న మనిషి పేరు మాత్రం మనకు తెలియలేదు.

మహనీయులు కూడా పొరబడతారు. గాలిలో ఆక్సిజన్ తక్కువైనప్పుడు ఊపిరితిత్తులు తమంతట తామే దాన్ని రక్తంలోకి నెడతాయని హాల్డేన్ నమ్మాడు. కేంబ్రిడ్జిలో జోసెఫ్ బార్‌క్రాఫ్ట్ అనే శాస్త్రవేత్త దీన్ని ఒప్పుకోలేదు. 1920లో ఆయన ఒక గాజు గదిలో ఆరు రోజులున్నాడు. లోపలి ఆక్సిజన్‌ను క్రమంగా తగ్గించారు. చివర, ఆయన మెలకువగా ఉండగానే మణికట్టు దగ్గరి ధమనిని శస్త్రచికిత్సతో తెరిచి రక్తం తీశారు. ఊపిరితిత్తుల గాలిలో ఉన్నదానికన్నా రక్తంలో ఆక్సిజన్ ఒత్తిడి తక్కువే ఉంది. నెట్టడమేదీ లేదు, ఎక్కువ ఉన్నచోటు నుంచి తక్కువ ఉన్నచోటికి దానంతటదే పోతుంది. హాల్డేన్ చివరిదాకా తన మాట వదల్లేదు. విచిత్రంగా, ఆయనను ఓడించింది ఆయన పద్ధతే. మెలకువగా ఉన్న మనిషి మీద కొలిచి చూశారు, అంతే.

ఆ పద్ధతి నేడు ధమనుల శస్త్రచికిత్సలో కనిపిస్తుంది. మెడలో రెండు పక్కలా మెదడుకు రక్తం మోసే కెరోటిడ్ ధమనులున్నాయి. మెదడు బరువు ఒంటి బరువులో 2 శాతమే అయినా, ఒంటికి అందే ఆక్సిజన్‌లో సుమారు 20 శాతం అదే వాడుకుంటుంది. ఈ ధమనిలో కొవ్వు పేరుకుంటే పక్షవాతం రావచ్చు. దాన్ని తీయాలంటే ధమనిని కాసేపు బిగించి రక్తం ఆపాలి. అప్పుడు మిగిలిన ధమనుల రక్తం మెదడుకు చాలుతుందా లేదా? తెలుసుకోవడానికి కొందరు వైద్యులు మత్తు ఇవ్వకుండా, మెడ వరకే తిమ్మిరెక్కించి, రోగిని మెలకువగా ఉంచుతారు. పేరు అడుగుతారు, అంకెలు లెక్కపెట్టమంటారు, చేతిలో బొమ్మ పెట్టి నొక్కమంటారు. మాట తడబడినా పట్టు సడలినా రక్తం చాలడం లేదని అర్థం. అప్పుడు చిన్న గొట్టం అమర్చి రక్తానికి పక్కదారి కల్పిస్తారు. గనిలో ఆంటోనీ ఉపన్యాసం అప్పజెప్పిన పిల్లవాడు గుర్తుకు రావడం లేదూ?

ఆ రోగికి ముఖం మీది గుడ్డల కింద మాస్కుతోనో, ముక్కు గొట్టాలతోనో ఆక్సిజన్ అందిస్తారు. ఇక్కడ కూడా మోతాదే ముఖ్యం. గుడ్డల కింద ఆక్సిజన్ పేరుకుంటే, రక్తం ఆపడానికి వాడే విద్యుత్ పరికరం నిప్పురవ్వకు అంటుకునే ప్రమాదం ఉంది. అయితే ధమని బిగించగానే మాట తడబడిన కొందరు రోగులకు ఆక్సిజన్ పెంచితే మాట తిరిగి వచ్చినట్టు 2005లో వైద్యులు ప్రకటించారు. వాళ్లూ హాల్డేన్ పనిచేసిన ఆక్స్‌ఫర్డువాళ్లే. మెలకువ పద్ధతే గొప్పదని తేలిపోయిందనుకోవద్దు. 2008లో వెలువడిన పెద్ద పరిశీలనలో 3,526 మంది రోగులను రెండు పద్ధతుల్లో పోల్చి చూస్తే, ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. హాల్డేన్ ఉండి ఉంటే ఈ లెక్కను సంతోషంగా చదివేవాడని నా నమ్మకం.

1934లో రాయల్ సొసైటీ ఆయనకు కోప్లీ పతకం ఇచ్చి గౌరవించింది. డెబ్బై అయిదేళ్ల వయసులో పర్షియా, ఇరాకు చమురు కేంద్రాల్లో కూలీలకు తగిలే వడదెబ్బను పరిశీలించడానికి వెళ్లాడు. తిరిగివచ్చిన కొద్ది నెలలకే, 1936 మార్చిలో ఆక్స్‌ఫర్డులో కన్నుమూశాడు. కూలివాడి ఊపిరి గురించి మొదలుపెట్టిన జీవితం కూలివాడి కోసమే తిరుగుతూ ముగిసింది.

తండ్రి కథకు తెలుగునేలతో ముడి కొడుకు వల్ల పడింది. జె.బి.ఎస్. హాల్డేన్ 1957లో భారతదేశానికి వచ్చి, ఇక్కడి పౌరుడై, 1964 డిసెంబరు 1న భువనేశ్వరంలో మరణించాడు. తన దేహాన్ని విద్యార్థుల చదువుకోసం మన కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు రాసి ఇచ్చాడు. చిన్నప్పుడు గనిలో తండ్రి కోసం ప్రయోగవస్తువైన ఆ శరీరం, చివరికి తెలుగు విద్యార్థులకు పాఠమైంది.

మిత్రులారా! మనలో చాలామంది రైతుబిడ్డలం. సెలవులకు ఇంటికి పోయినప్పుడు బావి పూడిక తీస్తుంటే నాలుగు మాటలు చెప్పండి. ఇంజను బావిలోకి దించవద్దు, పైననే ఉంచి పొగ బావి వైపు రాకుండా చూడాలి. దీపం ఆరితే దిగవద్దు, ఆరకపోయినా అదే సాక్ష్యమని నమ్మవద్దు, ముందు పైనుంచి బాగా గాలి కొట్టించాలి. దిగేవాడి నడుముకు మోకు ఉండాలి, పైనున్నవాడు అతన్ని మాట్లాడిస్తూనే ఉండాలి. మాట తడబడితే లాగేయాలే తప్ప, కాపాడదామని రెండోవాడు దూకకూడదు. మా మామ మోకు వల్ల బతికాడు. అందరి నడుముకూ మోకు ఉండదు. ఈ నాలుగు మాటలు నాలుగు ఊళ్లకు చేరితే, అదే హాల్డేన్ మహాశయునికి మనం అర్పించే నిజమైన నివాళి. మా తాతకు నేను బాకీపడిన జవాబు కూడా అదే.